ప్రభుత్వం వారి ఐసు, పెళ్ళివారి కారు

దేవరగెడ్డ కొండ మీద మంచు కురుస్తుంది గానీ గడ్డ కట్టదు. చలికాలం తెల్లవారుజామున ఆకుల మీదా ఆవుల వీపుల మీదా తెల్లగా పడి, పొద్దెక్కేసరికి ఎవరికీ చెప్పకుండా వెళ్ళిపోతుంది. ఆ ఊళ్ళో పుట్టి పళ్ళూడిపోయిన వాళ్ళు కూడా రోడ్డు మీద మంచుగడ్డ చూసి ఎరగరు. అయినా ఆ ఊళ్ళో మంచుగడ్డల మీద చిక్కుకున్న కార్లను విడిపించే ప్రభుత్వ కార్యాలయం ఒకటి ఉంది.

ఆరేళ్ళ కిందట లాడ్జిలో దిగిన ఒకాయన పెరట్లో బకెట్టు నీళ్ళ మీద పాలమీగడంత మందాన గడ్డ కట్టింది. ఆయన దాన్ని ఫోటో తీశాడు. ఫోటో బకెట్టు కంటే పెద్దదిగా పేపర్లో పడింది. పై వారం నుంచి జనం కార్లేసుకుని బకెట్లు చూడటానికి రావటం మొదలుపెట్టారు. రాజధానిలో పెద్దలు కూర్చుని ఆలోచించారు. బకెట్లో కట్టిన మంచు రేపు రోడ్డు మీదా కడుతుంది. రోడ్డు మీద కడితే కార్లు చిక్కుకుంటాయి. చిక్కుకుంటే విడిపించాలి. విడిపించాలంటే ఆఫీసు ఉండాలి. మంచు కట్టటం దేవుడి పని, ఆఫీసు కట్టటం ప్రభుత్వం పని. ముందు మన పని మనం చేసేద్దామన్నారు. ఆలు లేదు చూలు లేదు, కొడుకు పేరు సోమలింగం అన్నట్టు, హిమబద్ధ వాహన విమోచన కేంద్రం వెలిసింది. ఊళ్ళోవాళ్ళు మంచాఫీసు అంటారు.

ఏదో మంచుదేశం నుంచి నిబంధనల పుస్తకం తెప్పించి తెలుగు చేయించారు. నూటపన్నెండు నిబంధనలు. ఆ దేశంలో మంచులో తప్పిపోయిన వాళ్ళను కుక్కలు వెతుకుతాయట గనుక, 'సహాయక శునకము, ఒకటి' అని ఉద్యోగం కూడా మంజూరైంది. బొచ్చుకుక్క ఒకటి వచ్చింది గానీ, పాపం, దానికి మధ్యాహ్నపు ఎండ పడలేదు, సెలవు మీద వెళ్ళి తిరిగి రాలేదు. ఉద్యోగం ఖాళీగా ఉంచకూడదు గనుక టీకొట్టు దగ్గరుండే మోతీని తీసుకున్నారు.

అయిదేళ్ళు గడిచాయి. నెలనెలా పైకి పంపే నివేదికలో 'విముక్తి పొందిన వాహనములు' అన్న చోట 'లేవు' అని రాసీ రాసీ, ప్రత్యేకాధికారి గుణనిధిరావుకి ఆ రెండక్షరాలూ అచ్చు వేసినట్టు కుదిరాయి. ఆరో ఏడు మార్గశిరంలో ఒక ఉత్తరువు వచ్చింది. పని లేని ఆఫీసులు ఎత్తేస్తారట. శుక్రవారం పొద్దున్న పదింటికి కమిటీ అధ్యక్షులు స్వయంగా వచ్చి, వాహన విముక్తిని కళ్ళారా చూసి, ఉంచాలో ఎత్తేయాలో తేలుస్తారట.

గుణనిధిరావు ఆకాశం కేసి చూశాడు. ఆకాశం నీలంగా, ఏ బాధ్యతా లేనట్టుగా ఉంది. గురువారం సాయంత్రం ఆయన సముద్రపొడ్డున చేపలరేవు ఐసు కార్ఖానాకి ఫోను చేశాడు. తెల్లారేసరికి అరవై ఐసు దిమ్మలు లారీ ఎక్కి కొండకొచ్చాయి. దిమ్మలకి అంటుకున్న ఊక పైపైన కడిగించి, నలభై దిమ్మలు గునపాలతో పగలగొట్టించి, ఊరి మొదటి మలుపులో రోడ్డుకి అడ్డంగా పరిపించాడు. ఇరవై దిమ్మలు ఊకలో పెట్టి టార్పాలిన్ కింద దాచాడు. పక్కన ఒక బోర్డు పాతించాడు: 'సహజ హిమపాత ప్రాంతము. వాహనములు చిక్కుకొనును.'

అందులో మొట్టమొదట చిక్కుకున్నది ఎల్లాజీ పెళ్ళికారు.

కారులో ముగ్గురున్నారు. ముందు డ్రైవరు కనకరాజు. వెనక పట్టుపంచె, బుగ్గన చుక్క, తల మీద జరీపాగాతో పెళ్ళికొడుకు. పక్కన మేనత్త దానమ్మ. మిగిలిన పెళ్ళివారంతా ముందు రోజే బస్సులో వచ్చేసి విడిదింట్లో ఉన్నారు. కొత్త బోటు నీళ్ళలోకి దింపే పని ఉండి ఎల్లాజీ ఒక్కడూ ఆగిపోయాడు. వాణ్ణి చెవి పట్టుకుని తీసుకొచ్చే పని దానమ్మ పెట్టుకుంది.

దానమ్మ పదేళ్ళ పిల్లప్పటి నుంచీ, నలభై ఏళ్ళుగా రేవులో చేపలమ్మే మనిషి. పాతికేళ్ళకే మొగుడు పోయాడు. తమ్ముడి కొడుకుని చంకనేసుకుని చేపలగంప మోసింది. ఈ పెళ్ళి కుదర్చటానికి ఆమెకి మూడేళ్ళు పట్టింది. పిల్ల దేవిక, దేవరగెడ్డ ఆస్పత్రిలో నర్సు. పిల్లకీ పిల్లాడికీ ఇష్టమే. అడ్డమల్లా పిల్ల తాత జోగినాయుడు. నిశ్చితార్థం నాడు వలకి వంజరం చేపలు విరగబడటంతో ఎల్లాజీ వాళ్ళు మూడు గంటలు ఆలస్యంగా వచ్చారు. ముసలాయన ఆ మూడు గంటలూ గుమ్మంలో నిలబడే ఉన్నాడు.

"సముద్రపోళ్ళకి చేప ముందు, మాట ఎనక," అని మూడేళ్ళు ఒప్పుకోలేదు. దానమ్మ తిరగని రోజు లేదు, చెప్పని ఒట్టు లేదు. ఆఖరికి దిగొచ్చాడు గానీ ఒక్క మాట అన్నాడు. "పది నలభైరెండుకి ముహూర్తం. అప్పటికి పిల్లోడు పీటల మీద ఉంటే పిల్ల మీది. ఒక్క నిమిషం దాటిందా, కొండ దిగి ఎల్లిపోండి. మళ్ళీ నా గుమ్మం తొక్కొద్దు."

అందుకే దానమ్మ పదింటికి చేరవలసిన చోటికి ఎనిమిదింటికే చేరేలా బయల్దేరదీసింది. మలుపు తిరుగుతూనే కారు సర్రున జారి, ఒక చుట్టు తిరగబోయి, మనసు మార్చుకుని ఆగింది. కనకరాజు గేరు వేశాడు. చక్రాలు గిర్రున తిరిగాయి, కారు కదల్లేదు.

రోడ్డు పక్కన పొదల్లోంచి చప్పట్లు వినిపించాయి.

"పడింది సార్! పడింది!" అని ఉన్నిటోపీ పెట్టుకున్న ఒకాయన కళ్ళనీళ్ళతో గెంతుతున్నాడు. ఆయన సహాయకుడు సుందరేశం. వల్లో పెద్ద చేప పడితే ఒడ్డున ఉన్నవాళ్ళు వేసే కేకని దానమ్మ ఎక్కడున్నా గుర్తుపడుతుంది. ఆ కేక కొండ మీద వినటం ఆమెకి ఇదే మొదలు.

గుణనిధిరావు కోటూ బూట్లూ తొడుక్కుని, పుస్తకం చంకన పెట్టుకుని వచ్చాడు. కారు అద్దం మీద వేలితో కొట్టాడు.

"ప్రయాణికులు భయాందోళనలకు గురి కావలదు. తమరు హిమములో చిక్కుకొని ఉన్నారు. ప్రభుత్వము తమ వెంట ఉన్నది."

దానమ్మ తలుపు తీసి, వంగి, ఒక ముక్క చేతిలోకి తీసుకుంది. వాసన చూసింది.

"ఇదేటి బాబూ, పండుగప్ప చేప వాసనేస్తంది?"

"అది సహజ హిమము."

"సహజమైతే ఊక ఎందుకంటుకుంది? ఇది మా రేవు ఐసు. నలభై ఏళ్ళు దీని మీదే చేతులు కొంకర్లు పోయాయి, నాకు తెలీదా?"

"సుందరేశం గారూ, ప్రయాణికురాలు చలి వలన మతిభ్రమకు లోనైనట్లు రాసుకోండి."

"రాసుకోండి గానీ, బేగి మమ్మల్ని వదలండి," అంది దానమ్మ. "ఇదేం బ్రహ్మవిద్య కాదు. రేవులో మా తోపుడుబళ్ళు రోజూ ఐసులో జారతాయి. చక్రం కింద రెండు గోనెసంచులేసి, తట్టెడిసక జల్లి, నలుగురు ఎనకనుంచి తొయ్యండి. అయిపోద్ది."

గుణనిధిరావు మొహం పాలిపోయింది.

"తొయ్యటమా! నిబంధన పదిహేడు. 'సక్రమ ఉత్తరువులు లేక వాహనమును కదల్చుట అనధికార విముక్తి అనబడును. అట్టి వారు శిక్షార్హులు.' తమ వాహనము పది గంటలకు అధ్యక్షుల వారి సమక్షంలో లాంఛనంగా విముక్తి పొందును."

"పదింటికా! పది నలభైరెండుకి ముహూర్తం బాబూ. అదిగో ఇల్లు."

నిజంగానే ఇల్లు కనపడుతోంది. మలుపు పైన, నడిస్తే పావుగంట దూరంలో, కొబ్బరాకుల పందిరీ, రంగుకాగితాలూ, సన్నాయి వాయిస్తున్న వాళ్ళ తలపాగాలు కూడా కనపడుతున్నాయి. వంటల పొగ ఇటే వస్తోంది.

"కంగారు లేదు. ఈలోగా పత్రాలు పూర్తి చేద్దాం," అన్నాడు గుణనిధిరావు.

మొదటి పత్రం చిక్కు నిర్ధారణ. సుందరేశం కారు చుట్టూ మూడుసార్లు తిరిగి, ముందు నుంచి చిక్కుకుంది, వెనక నుంచి చిక్కుకుంది, పక్కల నుంచి పాక్షికంగా చిక్కుకుంది అని రాశాడు. రెండోది చలి నిర్ధారణ.

"ప్రయాణికులు మూడు నిమిషాలు నిరంతరాయంగా వణకవలెను," అన్నాడు గుణనిధిరావు.

అప్పటికి ఎండ చురుక్కుమంటోంది. పాగా కింద ఎల్లాజీకి చెమటలు పడుతున్నాయి.

"నాకు వణుకు రావటం లేదత్తా," అన్నాడు.

"రాకపోతే తెచ్చుకోరా. దేవిక తాతని తలుచుకో."

ఎల్లాజీకి వెంటనే వచ్చింది. కనకరాజు మాత్రం ఎవర్ని తలుచుకున్నాడో గానీ, సీటుతో సహా ఊగిపోయాడు. సుందరేశం ముచ్చటపడి 'అత్యుత్తమము' అని రాశాడు. దానమ్మ వణకలేదు. పొద్దున్నే ఐసుగంపలో మోచేతుల దాకా పెట్టే మనిషికి వణకటం ఒక పట్టాన రాదు.

"కొంచెం సహకరించండమ్మా," అని గుణనిధిరావు బతిమాలాడు. "తమరు వణకకపోతే మూడో పత్రం తెరవటానికి లేదు."

చివరికి దానమ్మ గెడ్డం ఒక్కటీ టకటకలాడించింది. దానికి ఆయన తృప్తిపడ్డాడు. తర్వాత మూడు కంబళ్ళు కప్పారు, అల్లం కషాయం పట్టారు. పుస్తకంలో పావుగంటకొకసారి అని ఉంది గనుక పావుగంటకొకసారి పట్టారు. కనకరాజు నాలుగు గ్లాసులు తాగి, రేవులో టీ కంటే ఇదే బాగుందన్నాడు.

తొమ్మిదయింది. పైన పందిట్లో మైకు గరగరలాడింది. జోగినాయుడు గొంతు కొండంతా వినపడింది.

"సముద్రపు పెళ్ళివారికి తెలియజేయునది. మీ కారు మలుపులో ఆగి ఉన్నట్టు మాకు కనపడతంది. చేపలేమైనా పడుతున్నాయా? టైము తొమ్మిది!"

పందిట్లో ఎవరో నవ్వారు. ఎల్లాజీ మొహం మాడిపోయింది.

"అత్తా, నేను నడిచెళ్ళిపోతాను," అని కంబళి తోసేసి, పంచె ఎగ్గట్టి, రోడ్డు దాటి గట్టెక్కాడు. నలభై అడుగులు వేశాడో లేదో, ఈల మోగింది.

"ప్రయాణికుడు తప్పిపోయాడు!" అని గుణనిధిరావు కేక వేశాడు. "నిబంధన నలభై ఒకటి! శునకాన్ని వదలండి!"

ఆరేళ్ళ సర్వీసులో మోతీకి ఇది మొదటి డ్యూటీ. తోక ఆడించుకుంటూ పరిగెత్తుకెళ్ళి, ఎల్లాజీ పంచె కుచ్చిళ్ళు పళ్ళతో పట్టుకుని నిలబడింది. గట్టిగా లాగితే పట్టు చిరుగుతుంది, పంచె వదిలేస్తే పరువు పోతుంది. కుక్క ఎటు నడిస్తే పెళ్ళికొడుకు అటు నడుచుకుంటూ కారు దగ్గరికి వచ్చాడు. సుందరేశం రిజిస్టరు తెరిచి 'తప్పిపోయిన వ్యక్తి సజీవముగా లభ్యము' అని రాసి, మోతీకి బిస్కెట్టు పెట్టి, హాజరు వేశాడు.

"వాడు తప్పిపోలేదు, పెళ్ళికెళ్తున్నాడు!" అంది దానమ్మ.

"వాహనమును వీడిన ప్రతి ప్రయాణికుడూ తప్పిపోయినట్లే, అమ్మా. ఎక్కడికి వెళ్తున్నదీ తెలిసినంత మాత్రాన తప్పిపోలేదనలేం."

దానమ్మ కంబళి మడిచి కింద వేసుకుని, దాని మీద కూర్చుని, ఎండ కేసి చూసింది. వాదన కంటే ఎండ మేలు. ఐసుతో వాదించి నెగ్గగలిగింది అదొక్కటే.

అనుకున్నట్టే అయింది. తొమ్మిదిన్నరకల్లా ముక్కలు కరిగి, రోడ్డు వారగా కాలవ కట్టాయి. చక్రాల కింద నల్లటి తారు కనపడింది. దానమ్మ కనుసైగ చేసింది. కనకరాజు చప్పుడు కాకుండా సీటెక్కి తాళం తిప్పాడు. కారు బుద్ధిగా రెండు బారలు ముందుకి నడిచింది.

"ఆపండి! ఆపండి!" గుణనిధిరావు రెండు చేతులూ చాచి కారుకి అడ్డం నిలబడ్డాడు. "ఎక్కడికి వెళ్తున్నారు?"

"కారు వదిలిపోయింది కదా బాబూ, పెళ్ళికి."

"వదిలిపోవటమేమిటి? పత్రాల ప్రకారం తమరు ఎనిమిది అయిదు నుంచి చిక్కుకునే ఉన్నారు. మూడు చోట్ల సంతకాలయ్యాయి. విముక్తి పత్రం ఇంకా పుట్టనే లేదు. చిక్కుకున్న వాహనం విముక్తి లేకుండా వెళ్ళిపోతే, అసలు చిక్కుకోలేదని అర్థం వస్తుంది. ఇన్ని కంబళ్ళు ఎవరికిచ్చానని చెప్పుకోను?"

"మరేటి చెయ్యమంటావు?"

ఆయన గొంతు తగ్గించాడు. మొదటిసారి మామూలు మనిషిలా మాట్లాడాడు. "ఆరేళ్ళయిందమ్మా. ఒక్క కారు. ఒక్క కారుని విడిపించానని రాసుకుంటే చాలు. లేకపోతే ఈ ఆఫీసు పోతుంది. నేను, సుందరేశం, ఆ మోతీ, ముగ్గురం వీధిన పడతాం. అరగంట ఓర్చుకోండి."

దానమ్మకి ఆయన మీద జాలి కలిగింది. ఆ జాలి ఎంతోసేపు నిలవలేదు. ఎందుకంటే ఆయన వెనక్కి తిరిగి, "సుందరేశం గారూ, నిల్వ హిమము!" అని అరిచాడు. టార్పాలిన్ కింది ఇరవై దిమ్మలూ వచ్చేశాయి. ఈసారి పగలగొట్టను కూడా లేదు. జాకీలతో కారు లేపి, నాలుగు చక్రాల కిందా నాలుగు దిమ్మలు తోసి, దించి, మిగిలినవి వెనక రోడ్డంతా పరిచారు. రిజిస్టర్లో 'పునఃచిక్కు' అని రాసుకున్నారు. కారు ఇప్పుడు దిమ్మల మీద, పీటల మీద పెళ్ళికొడుకులా కూర్చుంది. కూర్చోవలసిన పెళ్ళికొడుకు మాత్రం రోడ్డు మీద నిలబడి ఉన్నాడు.

పదీ పదికి కొండ కింద నుంచి హారన్ వినపడింది. అధ్యక్షుల వారి కారు. సుందరేశం పూలదండ పట్టుకుని ఎదురెళ్ళాడు. కారు మలుపు తిరిగింది. వెనక పరిచిన దిమ్మల సంగతి దానికెవరూ చెప్పలేదు. అది జర్రున జారుకుంటూ వచ్చి, పెళ్ళికారు వెనక బంపరుకి మెత్తగా ముద్దు పెట్టి, ఒక బార వెనక్కి జారి ఆగింది. డ్రైవరు వెనక్కి పోనిచ్చాడు. చక్రాలు తిరిగాయి. అంతే.

అధ్యక్షులు అద్దం దించారు. నిండైన మనిషి, నెమ్మదైన గొంతు.

"గుణనిధిరావు గారూ. మా వాహనం చిక్కుకున్నట్లు తోస్తున్నది."

"చిత్తం. ఘనంగా చిక్కుకున్నది."

"విడిపించండి."

"చిత్తం. అయితే తమ ముందు పెళ్ళివారి వాహనం ఉన్నది. వెనక లోయ ఉన్నది. ముందుది విముక్తి పొందితే గానీ తమది కదలదు."

"అయితే ముందుది విడిపించండి."

"చిత్తం. ముందుది తమరి సమక్షంలో, తమరు సాక్షి సంతకం చేస్తే విముక్తి పొందును."

"తెండి, చేస్తాను."

గుణనిధిరావు పుస్తకం తిప్పి, నుదురు తుడుచుకున్నాడు. "అక్కడే చిన్న అడ్డంకి. నిబంధన అరవై. 'చిక్కుకున్న వాహనములోని ప్రయాణికుడు సాక్షిగా పనికిరాడు.' తమరు విముక్తి పొందిన తర్వాతే సంతకం చేయవలెను. తమరు విముక్తి పొందాలంటే ముందు వాహనం విముక్తి పొందవలెను. అది విముక్తి పొందాలంటే..."

"నేను సంతకం చేయవలెను," అన్నారు అధ్యక్షులు. నిబంధనలు తెలిసిన మనిషి గనుక ఆయనకి కోపం రాలేదు, గౌరవం కలిగింది. "చక్కటి నిబంధన. దీన్ని మార్చటానికి మనకి అధికారం లేదు. పైకి రాయండి."

"పైనుంచి జవాబు రావటానికి పదిహేను రోజులు పడుతుంది."

"రానీయండి. ఈలోగా నన్ను కూడా వణకమంటారా?"

ఆయన నిజంగానే వణకటానికి సిద్ధపడుతుంటే, పైన మైకు మళ్ళీ గరగరలాడింది.

"టైము పదీ ఇరవై! సముద్రపు పెళ్ళివారికి ఇంకా ఇరవై రెండు నిమిషాలు! పందిట్లో వాళ్ళంతా సూస్తున్నారు. పెళ్ళికూతురు కూడా సూస్తంది!"

దానమ్మ తలెత్తి చూసింది. పందిరి వారగా, గట్టు చివర, ఎర్రచీర ఒకటి కదలకుండా నిలబడి ఉంది. అంత దూరం నుంచి మొహం కనపడదు. అయినా నిలబడటంలోనే తెలుస్తుంది ఏడుస్తున్నదీ లేనిదీ. మూడేళ్ళు ఎదురుచూసిన పిల్ల. పక్కన తన తాత మైకు పట్టుకుని నిమిషాలు లెక్క పెడుతుంటే వింటోంది. పెళ్ళికొడుకు రోడ్డు మీదే నిలబడి ఉన్నాడు, రెండు కాళ్ళూ బాగానే ఉన్నాయి. అయినా రానీయటం లేదంటే ఆ పిల్లకి ఎవరు చెప్తే నమ్ముతుంది?

దానమ్మ చూపు కిందికి దింపింది. చక్రం కింద దిమ్మ మీద చుక్కలు చుక్కలుగా నీళ్ళు కారుతున్నాయి. ఒక మూల పగులు పట్టింది. ఆమె లేచి, కొంగు నడుముకి బిగించి, రేవులో బేరం పెట్టినప్పటి గొంతు తీసింది.

"అధ్యక్ష బాబూ! నేనో ఫిర్యాదు ఇయ్యాలి!"

"ఎవరి మీదమ్మా?"

"మా మీదే. ఈ ఐసు ఎవరిది?"

"హిమము..." అన్నాడు గుణనిధిరావు.

"హిమమో ఐసో. ఎవరిదని అడుగుతున్నాను."

"ప్రభుత్వానిది," అన్నారు అధ్యక్షులు.

"కారెవరిది?"

"మీది."

"మరి మా కారు మీ ఐసు మీద చిక్కుకుందని ఎవరు చెప్పారు? కిందికి వంగి సూడండి. మీ ఐసే మా కారు కింద చిక్కుకుంది! పాపం, ప్రభుత్వం వారి నాలుగు దిమ్మలు. మా ప్రైవేటు కారు వాటిని తొక్కి పెట్టి కదలనివ్వటం లేదు. అదిగో, ఒకటి అప్పుడే పగులుతోంది!"

అధ్యక్షులు కిటికీలోంచి తల బయటపెట్టి చూశారు. చెమ్మగిల్లిన దిమ్మ, దాని మీద చక్రం, మూలన పగులు.

"గుణనిధిరావు గారూ, ఈ కారు బరువెంత?"

"సుమారు వెయ్యి కిలోలు సార్."

"వెయ్యి కిలోల ప్రైవేటు బరువు ప్రభుత్వ ఆస్తి మీద పెట్టి, చేతులు కట్టుకుని చూస్తున్నారా? ఎన్ని నిమిషాలుగా?"

గుణనిధిరావు గబగబా పుస్తకం తిప్పాడు. మొదటి నుంచి చివరికీ, చివరి నుంచి మొదటికీ. "చిక్కుకున్న వాహనాలకి నూటపన్నెండు నిబంధనలున్నాయి సార్. చిక్కుకున్న హిమానికి ఒక్కటీ లేదు."

"నిబంధన లేనప్పుడు ఏం చేస్తారు?"

"ఏం చేసినా తప్పు లేదు సార్," అన్నాడు ఆయన. ఆరేళ్ళలో ఆయన నోట వచ్చిన మొదటి సొంత వాక్యం అదే.

"అయితే ప్రభుత్వ ఆస్తిని తక్షణం కాపాడండి! అందరూ దిగండి! నేను ప్రయాణికుణ్ణి కాను, కాపాడేవాణ్ణి!"

ఆ తర్వాత దానమ్మ ఎవరి మాటా వినలేదు. "గోనెసంచులు తే! ఆ టార్పాలిన్ కింద ఊక ఉంది కదా, తట్టతో ఎత్తు! నువ్వా పక్కన పట్టుకో బాబూ. కోటు విప్పేయ్, సంకన చిరుగుద్ది. నువ్వు బొజ్జ ఆనించు, పర్లేదు, దానికో పనుండాలి కదా!" అధ్యక్షులు బొజ్జ ఆనించారు. గుణనిధిరావు కోటు విప్పాడు. సుందరేశం ఉన్నిటోపీతో మొహం తుడుచుకుని భుజం ఇచ్చాడు. పెళ్ళికొడుకు పాగా తీసి మోతీ తల మీద పెట్టి, రెండు చేతులూ వెనక అద్దానికి ఆనించాడు. ఇసక మీద బోటు లాగేటప్పుడు వేసే కేక వేసింది దానమ్మ.

"ఐలేసా!"

"హైలెస్సా!" అన్నారు వెనక నుంచి ఎల్లాజీ, సీట్లోంచి కనకరాజు.

"గట్టిగా! రేవు వినాలి!"

"హైలెస్సా!" అని అధ్యక్షుల వారు కొండ అదిరేలా అరిచారు. చక్రం ఊకని పట్టింది, గోనెని పట్టింది, దిమ్మ మీద నుంచి దబ్బున దిగి తారు మీద పడింది. ఎల్లాజీ నడుస్తున్న కారులోకి దూకాడు. దానమ్మ పాగా మోతీ తల మీద నుంచి లాక్కుని కూర్చుంది. "ఇంక ఆపకురోయ్ కనకరాజూ, అడ్డం ఎవరొచ్చినా సరే, పోనీ!"

పందిరి ముందు కారు ఆగేసరికి జోగినాయుడు మైకు ఒక చేత్తో, గడియారం ఒక చేత్తో పట్టుకుని గుమ్మంలో నిలబడి ఉన్నాడు. ఎల్లాజీ చెప్పులు విడిచి, మోకాళ్ళ దాకా ఊక అంటుకున్న పట్టుపంచెతో పీటల మీదికి గెంతాడు. ముసలాయన గడియారం చూసుకున్నాడు. ఇంకోసారి చూసుకున్నాడు. మైకు నోటి దగ్గర పెట్టుకున్నాడు.

"పదీ నలభై," అన్నాడు. తర్వాత మైకు పక్కన పెట్టి, దానమ్మకి మాత్రమే వినపడేలా అన్నాడు. "మూడేళ్ళయింది సెల్లెమ్మా నా గుమ్మం తొక్కుతున్నావు. ఇయ్యాలే టయానికి తొక్కావు. రా, లోపలికి రా. నువ్వే పిల్లని పీటల మీదకి తీసుకురా."

"మొగుడు పోయిందాన్ని అన్నా, శుభమా అని..."

"ఎవడు ఐసు మీంచి కారు దింపాడో వాడి చెయ్యే శుభం. నడువు."

దానమ్మ దేవిక చెయ్యి పట్టుకుని పందిట్లోకి నడిచింది. పిల్ల చెయ్యి ఐసుముక్కలా చల్లగా ఉంది. నాలుగడుగులు వేసేసరికి వెచ్చబడింది.

భోజనాల వేళకి గుణనిధిరావు వచ్చాడు. వచ్చి, ఆకు ముందు కూర్చోకుండా దానమ్మ పక్కన నిలబడి కాగితం విప్పాడు. అధ్యక్షుల వారు ఎంతో సంతోషించారట. వాహనాలను విడిపించటం ఎవరైనా చేస్తారు, ప్రభుత్వ హిమాన్ని ప్రైవేటు వాహనం బారి నుంచి విడిపించిన కేంద్రం దేశంలో ఇదొక్కటేనట. ఆఫీసు ఎత్తేయటం లేదు, పెంచుతున్నారు. ఇంకో ఇద్దరు గుమాస్తాలు, ఇంకో కుక్క.

"మంచిదే బాబూ. మరింక దిగులేటి?"

"పది ముప్పై నాలుగుకి నాలుగు దిమ్మలు విముక్తి పొందినట్టు రాసి, సంతకాలు చేసి, సంరక్షణలోకి తీసుకున్నాం. పన్నెండింటికి తనిఖీ చేస్తే నాలుగూ లేవు. మోతీ వాసన పట్టింది గానీ, కాలవ దాకా వెళ్ళి కూర్చుంది. ఫిర్యాదుదారు తమరే గనుక తమ వాంగ్మూలం కావాలి. అవి చివరిసారి ఎటు వెళ్తుండగా చూశారు?"

దానమ్మ విస్తట్లో గారె ముక్క సాంబార్లో ముంచి, ఆలోచించింది.

"కిందికే బాబూ. మా రేవుకే. పుట్టింటి మీద బెంగెట్టుకుని ఎల్లిపోయుంటాయి."

గుణనిధిరావు కలం తీసి, ఒక్కో మాటా జాగ్రత్తగా రాసుకున్నాడు. అదే రోజు సాయంత్రం, కేంద్రం నుంచి అన్ని రేవులకీ ఒక సందేశం వెళ్ళింది. దాని నకలు ఇప్పటికీ ఆఫీసు గోడ మీద అంటించి ఉంది: 'ప్రభుత్వ సంరక్షణలోని నాలుగు హిమ దిమ్మలు పరారీలో ఉన్నవి. సముద్రము వైపు వెళ్ళినట్లు విశ్వసనీయ సమాచారము. గాలింపు కొనసాగుచున్నది.'